జెనోవా రేవులో రెండు రాత్రులు

ఇటలీ యాత్రకు బయలుదేరే తెలుగు దంపతుల ప్రయాణ పట్టికలో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ నగరాలు ముందు వరుసలో నిలుస్తాయి, వాలిన గోపురం ఉన్నందుకు పీసా, విమానం దిగే ఊరైనందుకు మిలాన్ వాటి పక్కన చేరతాయి. దేశానికి వాయవ్య మూలన, లిగూరియా అనే ప్రాంతానికి రాజధానిగా ఉండి, కొన్ని శతాబ్దాల పాటు మధ్యధరా సముద్ర వ్యాపారాన్ని వెనిస్‌తో పోటాపోటీగా నడిపిన జెనోవా మాత్రం ఆ పట్టికలోకి అరుదుగా ఎక్కుతుంది. ఇందుకు కొంత కారణం ఆ నగరంలోనే ఉంది. అది నేటికీ పనిచేస్తున్న పెద్ద రేవు కావడం వల్ల సరుకు పెట్టెలు, క్రేన్లు, లారీలు, పాత పట్టణానికీ సముద్రానికీ మధ్య ఎత్తున సాగిపోయే మోటారు వంతెన మొదట కంటబడతాయి గాని, వెనిస్‌లాగా అడుగు పెట్టగానే మురిపించే గుణం దానికి లేదు. అయితే మిలాన్ నుంచి రైలులో రెండు గంటలలోపే చేరగల ఈ ఊరిలో రెండు రాత్రులు ఉండగల దంపతులకు, వారు రామన్నపేట వంటి ఊరి నుంచి వచ్చినవారైతే మరీ ముఖ్యంగా, అక్కడ తమ సొంత చరిత్ర ఎదురయ్యే చోట్లు ఉన్నాయి. బీబీనగర్ నుంచి నడికుడి పోయే రైలు మార్గం మీద, సముద్రానికి దూరంగా, పత్తి చేలకూ మగ్గాలకూ నడుమ ఉన్న ఆ ప్రాంతానికీ ఇటలీ రేవుకూ ఏమి సంబంధమన్న ప్రశ్న సహజమే.

కొండలకూ సముద్రానికీ మధ్య చాలినంత చదును నేల లేకపోవడమే జెనోవా నిర్మాణానికి మూలసూత్రం. వెనుక కొండలు గోడలాగా లేస్తాయి, ముందు లోతైన నీరు ఉంటుంది, ఈ రెండింటి మధ్య ఇరుకు పట్టీలో జనం ఇళ్లను పక్కలకు కాక పైకి పెంచుకుంటూ పోయారు కనుక పాత పట్టణమంతా ఆరేడు అంతస్తుల భవనాల మధ్య చిక్కుబడిన సందుల వలయంగా మారింది. స్థానికులు కారుజ్జి అని పిలిచే ఈ సందుల్లో కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవడం కూడా కష్టమే, నడి మధ్యాహ్నం కూడా ఎండ నేలను తాకదు. పక్కన సాగు భూమి లేని ఊరు సముద్రం మీద బతకక తప్పదు; అలాగే జెనోవా మధ్యయుగంలో నౌకలు కట్టి, నల్ల సముద్రపు ఒడ్డు దాకా వ్యాపార కేంద్రాలు నెలకొల్పి, రాజు లేని గణరాజ్యంగా, అంటే సంపన్న కుటుంబాలు తమలో తాము పదవులు పంచుకుని పాలించుకునే రాజ్యంగా ఎదిగింది. 1407లో ఇక్కడ ఏర్పడిన సాన్ జోర్జో సంస్థ ఐరోపాలోని అతి పాత బ్యాంకులలో ఒకటి. గణరాజ్యం చేసిన అప్పులను అది నిర్వహించింది, ఆ అప్పు తీరేదాకా పన్నులను తానే వసూలు చేసుకుంది, ఒక దశలో కోర్సికా ద్వీపపు పాలన కూడా దాని చేతికే వచ్చింది.

ఆ బ్యాంకు నడిచిన సాన్ జోర్జో భవనం పాత రేవుకు ఎదురుగా ఇప్పటికీ ఉంది, నేడది ఓడరేవు అధికారుల కార్యాలయం. సముద్రం వైపు గోడ నిండా రంగుల చిత్రాలు, వాటి నడుమ డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జి కనిపిస్తాయి గాని, 1260 నాటి అసలు కట్టడం దాని వెనుక భాగంలో ఉంది. కాన్‌స్టాంటినోపుల్ నగరంలో వెనిస్ వారికి ఉన్న భవనాన్ని పడగొట్టి, ఆ రాళ్లను నౌకల మీద తెచ్చి ఈ కట్టడంలో వాడారు. వాటిలోని సింహం తలలను గోడకు బిగించి ఉంచారు. ఓడిన శత్రువు ఇంటి రాయిని తమ ఇంటి గోడలో చూపించుకోవడం అప్పటి రివాజు. వెనిస్, జెనోవాల నడుమ జరిగిన అటువంటి పోరాటాలలో ఒకదానిలో పట్టుబడ్డ వెనిస్ వర్తకుడు మార్కో పోలో 1298 ప్రాంతంలో జెనోవాలో బందీగా ఉన్నాడు, అదే చెరలో ఉన్న పీసా రచయిత రుస్తికెల్లో అతని ప్రయాణాల కథను విని రాశాడు. ఆ బందీఖానా ఈ భవనమేనని తరతరాలుగా వస్తున్న మాట.

ఆ పుస్తకంలో ముత్‌ఫిలి అనే రాజ్యం గురించి ఒక అధ్యాయం ఉంది. ముత్‌ఫిలి అంటే నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లి, కాకతీయుల కాలపు ప్రధాన సముద్ర ద్వారం. విదేశీయులు రేవు పేరునే రాజ్యం పేరుగా విన్నారు. ఆ రాజ్యాన్ని ఒక వివేకవతి అయిన రాణి పాలిస్తున్నదనీ, భర్త పోయిన తరువాత నలభై ఏళ్లుగా న్యాయం తప్పకుండా ఏలుతున్నదనీ, ప్రజలు ఆమెను ముందరి ప్రభువులందరికంటే ఎక్కువగా ప్రేమిస్తారనీ అందులో ఉంది. వానలకు కొండల మీది నుంచి వజ్రాలు కొట్టుకురావడం, పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరి గద్దల ద్వారా వాటిని పైకి తెప్పించడం వంటి కథలు కూడా ఉన్నాయి, వీటిలో మొదటిది కృష్ణా లోయ వజ్రాల గురించి ఉజ్జాయింపుగా నిజం, రెండోది అరబ్బు నావికుల నోళ్లలోనూ నలిగిన కట్టుకథ. అన్నిటికంటే మిన్నగా, అక్కడ నేసే గుడ్డ సాలెగూటి దారమంత సన్ననిదని, దానిని కట్టుకోవడానికి సంతోషించని రాజు గాని రాణి గాని లోకంలో ఉండరని ఆ బందీ చెప్పాడు.

ఆ రాణి రుద్రమదేవే అనడంలో సందేహం లేదు, కాని వివరాలు తారుమారయ్యాయి. ఆమెకు ముందు ఏలిన గణపతిదేవుడు ఆమె తండ్రి. భర్త నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రుడు, అతడు ఓరుగల్లు సింహాసనం ఎక్కలేదు. నలభై ఏళ్ల లెక్క కూడా సరిపోదు, ఆమె పాలన స్థూలంగా 1262 నుంచి 1289 వరకు సాగింది. మార్కో పోలో మోటుపల్లిలో స్వయంగా దిగాడా, లేక తోటి నావికుల మాటలు విని చెప్పాడా అన్నది చరిత్రకారుల మధ్య నేటికీ తేలలేదు. జెనోవా చెరలో అతడు ఈ మాటలు చెప్పించే నాటికి రాణి కన్నుమూసి దాదాపు తొమ్మిదేళ్లయింది. ఆ సంగతి మనకు తెలిసింది రామన్నపేట నుంచి ఒక పూటలో వెళ్లి రాగల చందుపట్ల శాసనం వల్ల. నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలోని ఆ ఊరిలో, పువ్వుల ముమ్మడి అనే బంటు 1289 నవంబరు 27న వేయించిన రాతి శాసనం కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని చెబుతూ, వారి పుణ్యం కోసం దేవునికి భూమి ఇచ్చిన వివరాన్ని నమోదు చేసింది. బతికి ఉన్న రాణిగా ఐరోపా చదువరులకు పరిచయమైన వ్యక్తి మరణవార్త ఆ పుస్తకంకంటే ముందే నల్లగొండ పల్లెలో రాతికెక్కి ఉంది. నకిరేకల్ వైపు పోయేవారు ఆ రాయిని, జెనోవా వెళ్లేవారు సాన్ జోర్జో గోడను చూడవచ్చు. రెండూ చూసిన దంపతులు ఎందరున్నారో గాని, ఉంటే ఆ కథకు రెండు కొసలూ పట్టుకున్నట్టే.

మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం కూడా ఈ సందర్భంలో గుర్తుకు రావలసినదే. తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకు ముందరి ప్రభువులు లాక్కునేవారని, తాను మాత్రం ప్రాణం కంటే ధనం ప్రియమైనదన్న ఎరుకతో, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే వదిలేస్తున్నానని ఆ రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి చొప్పున సుంకం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టునూలు, మిరియాలు మొదలైన సరుకుల పట్టిక అందులో ఉన్నాయి. సముద్రం మీద పెట్టుబడి పెట్టేవాడికి భరోసా ఇవ్వకపోతే రేవు నిలవదన్న సంగతి ఓరుగల్లు ప్రభువుకూ, జెనోవా సెట్లకూ ఒకేలా తెలుసు. తరువాతి కాలంలో జెనోవా వర్తకుడు గిరోలామో ద సాంతో స్తెఫానో 1490లలో ఎర్ర సముద్రం దాటి కాలికట్, సింహళం మీదుగా కోరమాండల్ తీరానికి, అక్కడి నుంచి బర్మా వైపుకు వెళ్లాడు. తోడు వచ్చిన మిత్రుడు అక్కడ చనిపోగా ఒంటరిగా తిరిగివచ్చి 1499లో తన యాత్రను ఉత్తరంగా రాశాడు. కోరమాండల్‌లో ఎర్రచందనం చెట్లు పెరుగుతాయని అందులో పేర్కొన్నాడు.

చూడదగ్గ రెండో సంబంధం గుడ్డది. మచిలీపట్నం కేంద్రంగా నూలు గుడ్డల మీద చేతితో రంగులు వేసి తయారు చేసిన పెద్ద దుప్పట్లను ఐరోపా వర్తకులు పలంపోర్లు అని పిలిచేవారు. కరక్కాయ పాలలో గుడ్డను నానబెట్టి, పటికతో ఎరుపు పట్టించి, నీలిమందు తొట్టిలో ముంచి, మధ్యలో కొమ్మలు చాచిన ఒక చెట్టు, దాని మీద పూలు, పిట్టలు వచ్చేలా వాటిని దిద్దేవారు. డచ్చివారు 1605లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టుకోవడానికి ముఖ్య కారణం ఈ గుడ్డలే. ఇవి ఐరోపా రేవులకు చేరిన తరువాత అక్కడి అద్దకందారులు చెక్క అచ్చులతో వాటికి నకళ్లు తీయడం మొదలుపెట్టారు, జెనోవాలో అటువంటి నకలు ఒక కొత్త ఉడుపుగా స్థిరపడింది. మెద్జారో అనే ఆ ఉడుపు స్త్రీలు తల మీది నుంచి భుజాలు, నడుము దాకా కప్పుకునే పెద్ద చదరపు నూలు శాలువ. దాని నడుమ అదే చెట్టు, అవే పిట్టలు, అంచున పూల తీగ ఉంటాయి. 18వ శతాబ్దం చివర స్విట్జర్లాండ్ నుంచి వచ్చి జెనోవా పొలిమేరలోని కోర్నిలియానోలో స్థిరపడిన స్పైక్ కుటుంబం అచ్చువేసిన మెద్జారోలు పేరు పొందాయి. వాటిలో చెట్టు మొదలు దగ్గర కొన్నిసార్లు ఏనుగులు, ఖర్జూర చెట్లు, ఓడలు కూడా కనిపిస్తాయి. చూడని దేశాన్ని ఊహించి గీసిన బొమ్మలవి. పెడన కలంకారీ వస్త్రాన్ని దగ్గరగా చూసి ఎరిగినవారికి పోలికలు వెంటనే దొరుకుతాయి.

రామన్నపేట మండలంలోని సిరిపురం, సమీప మండలాలలోని పుట్టపాక, కొయ్యలగూడెం వంటి మగ్గాల ఊళ్లలో పుట్టి పెరిగిన వారికి మరొక విషయం ఆసక్తి కలిగించవచ్చు. అచ్చు వేయడానికి, పోగుకు రంగు వేసి నేయడానికి తేడా ఎంత ఉందో వారికి చెప్పనక్కరలేదు. పోగును ముందుగా చిటికి కట్టి, కట్టిన చోట తప్ప మిగతా చోట రంగు పట్టించి, ఆ తరువాత మగ్గం మీద బొమ్మ కుదిరేలా నేసే పద్ధతికి అచ్చువేసేవాడు నకలు తీయలేడు, ఎందుకంటే బొమ్మ గుడ్డలో కలిసిపోయి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. నూనెతో, ఆముదపు కాయల బూడిదతో నూలును మెత్తబరచి ఎరుపు, నలుపు రంగులు పట్టించే పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకప్పుడు ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయేవి. జెనోవా కూడా నీలిరంగు గుడ్డకు పేరుపడిన ఊరే. అక్కడ నావికులు, రేవు కూలీలు తొడిగే గట్టి నూలు గుడ్డ ఐరోపా అంతటా అమ్ముడుపోయింది, నేటి జీన్స్ పేరు కూడా ఆ ఊరి పేరు నుంచే వచ్చింది. కతీడ్రల్ పక్కనున్న డయోసిస్ మ్యూజియంలో నీలిమందు రంగు వేసిన నార గుడ్డల మీద తెల్ల రంగుతో ఏసుక్రీస్తు చివరి రోజుల కథను చిత్రించిన 14 తెరలు ఉన్నాయి, 16వ శతాబ్దం నుంచి గీసిన ఆ తెరలను ఈస్టరుకు ముందు రోజుల్లో చర్చిలో వేలాడదీసేవారు. చేనేత ఊరి దంపతులకు ఈ గది ఒక్కదానికి ఒక పూట కేటాయించినా దండగ కాదు.

ఆ కతీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి, సెయింట్ లారెన్సు పేరిట నలుపు, తెలుపు రాళ్ల చారలతో నిలిచి ఉంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద గుళ్లు కురిపించినప్పుడు ఒక పెద్ద గుండు ఈ చర్చి పైకప్పును ఛేదించుకుని లోపల పడి కూడా పేలలేదు. ఒక మూల దానిని నిలబెట్టి చూపిస్తున్నారు. 16వ శతాబ్దం మధ్యలో కొండ దిగువన కొత్తగా వేసిన వీధి, దాని ఇరువైపులా ఉన్న సంపన్నుల మేడలు 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. రాజు లేని ఈ రాజ్యంలో విదేశీ రాజులు, దూతలు వస్తే దిగడానికి రాజభవనం ఉండేది కాదు కనుక, మేడలను హోదాను బట్టి తరగతులుగా విభజించి పట్టికలు తయారు చేసి, చీటీలు వేసి ఎవరి ఇంటి పేరు వస్తే ఆ ఇంటివారే సొంత ఖర్చుతో అతిథిని చూసుకోవాలని 1576 నుంచి నియమం పెట్టారు. చీటీ రావడం గౌరవమే గాని ఖర్చు తలుచుకుంటే ఇంటి యజమానికి ఎంత గౌరవంగా తోచిందో ఊహించవచ్చు. ఈ వీధిలోనే దోరియా తుర్సి మేడలో, ఇదే ఊరిలో 1782లో పుట్టిన పగనీని వాయించిన వయొలిన్ ఉంది.

కొలంబస్ ఇల్లంటూ పోర్తా సొప్రానా కోట ద్వారం పక్కన చూపించేది 18వ శతాబ్దంలో తిరిగి కట్టినది కాబట్టి ఆ వరుసలో ఎక్కువసేపు నిలబడనవసరం లేదు. అతని అమెరికా యాత్రకు 500 ఏళ్లు నిండిన 1992లో, జెనోవాలోనే పుట్టిన వాస్తుశిల్పి రెన్జో పియానో పాడుబడిన పాత రేవును నడక మైదానంగా మార్చి, అక్కడ పెద్ద అక్వేరియం నిర్మించాడు. 2018 ఆగస్టు 14న ఊరి పడమటి వైపు మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయిన తరువాత దాని స్థానంలో లేచిన కొత్త వంతెన రూపకల్పన కూడా ఆయనదే.

భోజనం విషయంలో శాకాహారులైన దంపతులకు ఇటలీలో ఇంత అనుకూలమైన ఊరు మరొకటి దొరకడం కష్టం. శనగపిండిని నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పుతో పలుచగా కలిపి, గంటల పాటు నానబెట్టి, వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే ఫరినాతా అనే తిండిని సందుల్లోని చిన్న దుకాణాలు ముక్కలు కోసి కాగితంలో చుట్టి ఇస్తాయి. పైన మిరియాల పొడి చల్లుకుని వేడిగా తినాలి, చల్లారితే దానిలో ఏమీ లేదు. పెస్తో అనే పచ్చని ముద్ద ఈ ఊరి సొత్తు. చిన్న ఆకుల తులసి జాతి మొక్క బాసిల్, పైన్ గింజలు, వెల్లుల్లి, గళ్లుప్పులను పాలరాతి రోట్లో చెక్క రోకలితో నూరి, జున్ను పొడి, ఆలివ్ నూనె కలుపుతారు. రోటి పచ్చడి ఎరిగిన తెలుగువారికి నూరే తీరు చూడగానే మిక్సీలో వేస్తే రుచి ఎందుకు పోతుందో ఎవరూ వివరించాల్సిన పని ఉండదు. అయితే కచ్చితమైన శాకాహారులు ఒక సంగతి తెలుసుకోవాలి: ఇందులో వాడే పర్మిజానో జున్నును గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థాన్ని వాడతారు, కాబట్టి జున్ను వేయకుండా ఇమ్మని ముందే అడగాలి.

సాయంకాలాలకు ఊరి తూర్పు కొసన బొకదాస్సె అనే పాత జాలరి పల్లె ఉంది; గులకరాళ్ల ఒడ్డు చుట్టూ రంగు రంగుల ఇళ్లు, లాగి ఉంచిన పడవలు తప్ప అక్కడ పెద్దగా చూసేదేమీ లేకపోవడమే దాని మంచితనం. ఊరిని మొత్తంగా చూడాలంటే పోర్తెల్లో కూడలి నుంచి కస్తెల్లెత్తో కొండ మీదికి వెళ్లే పాత ప్రజా లిఫ్టు ఎక్కితే చాలు, సందులు, పలకరాతి పైకప్పులు, వాటి వెనుక 1543 నాటి లాంతెర్నా దీపస్తంభం ఒకేసారి కనబడతాయి. 77 మీటర్ల ఎత్తున్న ఈ దీపస్తంభం ఊరి ముద్ర. 1851లో తెరిచిన స్తలియేనో శ్మశానవాటికను కొందరు విహారయాత్రలో అపశకునంగా భావించవచ్చు గాని, శిల్పం మీద ఆసక్తి ఉన్నవారు దాన్ని వదలకూడదు. అక్కడ సంపన్నుల విగ్రహాల వరుసలో కతెరినా కంపొదోనికో అనే చిరు వ్యాపారి విగ్రహం నిలిచి ఉంది. ఆమె జాతరలలో హేజెల్ గింజల దండలు, గుండ్రటి రొట్టెలు అమ్ముకుంటూ కూడబెట్టిన సొమ్ముతో, బతికి ఉండగానే, 1881లో శిల్పి లొరెన్జో ఒరెంగో చేత తన నిలువెత్తు రూపాన్ని చెక్కించుకుంది. రెండు చేతులలో ఆ దండలు, రొట్టెలు, ఒంటి మీద పండుగ బట్టలు, శాలువ కుచ్చులు, లేసు అల్లికలోని రంధ్రాలు సహా పాలరాతిలో దిగాయి. గుడ్డ పనితనం ఎరిగిన కళ్లు ఆ అంచు దగ్గర ఆగక మానవు.

ప్రయాణ సన్నాహాల సంగతికి వస్తే, ఇటలీకి కావలసినది షెంజెన్ వీసా, అంటే ఐరోపాలోని 29 దేశాలకు కలిపి పనికివచ్చే అనుమతి. దానిమీద ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, దంపతులైనా ఇద్దరూ వేరువేరుగా దరఖాస్తు చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలి, ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వవచ్చు. తెలుగువారి పాస్‌పోర్టులలో ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట పొడి అక్షరంగా ఉండడం మామూలే కనుక పెళ్లి నమోదు పత్రం, బ్యాంకు పత్రాలు, టికెట్లలో పేరు ఒకేలా ఉందో లేదో ముందుగానే సరిచూసుకోవడం మంచిది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ సెప్టెంబరులో వాతావరణం బాగుంటుంది. ఆగస్టు మధ్యలో దుకాణాలు చాలావరకు మూతపడతాయి, అక్టోబరు, నవంబరులలో కొండల మీద కురిసే కుంభవృష్టి ఊరిని ముంచిన సందర్భాలు 2011లో, 2014లో వచ్చాయి. సందుల్లో మెట్లు, ఎగుడు దిగుడు రాళ్లు ఎక్కువ కావడం వల్ల చక్రాల పెట్టెల కంటే వీపు సంచులు నయం.

తిరుగు ప్రయాణంలో పెస్తో సీసాలు కొనేవారు చాలామంది ఉంటారు, విమానంలో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవపదార్థాలను అనుమతించేవారు కాదు కనుక ఒకప్పుడు భద్రతా తనిఖీ దగ్గర అవి చెత్తబుట్టల పాలయ్యేవి. అది చూడలేక జెనోవా విమానాశ్రయం 2017లో ఒక మినహాయింపు పెట్టి, జబ్బుపడిన పిల్లల విమాన ప్రయాణాలకు సాయపడే సంస్థకు చిన్న విరాళం ఇచ్చినవారు అర కిలో లోపు పెస్తోను తమతోపాటు తీసుకువెళ్లే వీలు కల్పించింది. ఆ సౌకర్యం నేరుగా గమ్యానికి పోయే విమానాలకే వర్తిస్తుంది, జెనోవా నుంచి హైదరాబాదుకు నేరు విమానం లేదు. కాబట్టి తెలుగు దంపతులు సీసాను పెద్ద పెట్టెలో, పాత తువ్వాలు చుట్టి పెట్టుకోవలసిందే.